వదలని పట్టు

షాపు షట్టరు సగం దించి, దర్జీ తన కుడిచేతి వేళ్లను కత్తెర పిడిలోంచి ఎడమచేత్తో ఒక్కొక్కటిగా విడదీసుకుంటున్నాడు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే అక్క రిపోర్టు పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

“నరాల బలహీనతేగా అక్కా? ఏదో టానిక్కు చెప్పు, తాగేస్తాను.”

“కాదురా. ఒంట్లో ప్రతి కణమూ జన్యువులకి నకళ్లు తీసుకుంటుంది. ఆర్ఎన్ఏ అంటాం. ఆ నకళ్లని కత్తిరించి అతికించే ప్రోటీన్ ఒకటుంటుంది.”

“మా కటింగ్ మాస్టర్‌లాగా.”

“అచ్చం అలాగే. నీ జన్యువు ఒకదాని రాతలో అవే మూడక్షరాలు వరసగా వందలసార్లు పడ్డాయి. దాని నకలుకి ఆ ప్రోటీన్ అతుక్కుపోయి, ఇక కదలట్లేదు.”

“మాస్టర్ పనికిరాని బట్టల తాను దగ్గర ఇరుక్కుంటే మిగతా బట్టలన్నీ తప్పు కొలతల్లో తయారవుతాయి.”

“అందుకే నీ కండ బిగుసుకుంటే ఓ పట్టాన వదలదు.”

“మందు లేదా?”

“పట్టు సడలడానికి ఉంది. జబ్బు పోవడానికి లేదు.”

“పోనీలే. నా తిప్పలేవో నేను పడతాను.”

“నీతో ఆగేది కాదురా. తరం మారేకొద్దీ ఆ అక్షరాలు పెరుగుతాయి. నాన్నకి కళ్లలో శుక్లాలతో సరిపోయింది. నీ దగ్గరికొచ్చేసరికి చేతులు. నీ పాపకీ పరీక్ష చేయించాలి.”

అతను కత్తెరని బల్ల మీద పెట్టేశాడు.

“పొద్దున్న బడి గేటు దగ్గర పాప నా వేలు వదల్లేదక్కా. ‘వదులుతున్నా నాన్నా’ అంటూనే పట్టుకుంది.”

“నువ్వేం చేశావు?”

“వేళాకోళమాడుతోందనుకుని ఆ చేతి మీదే కొట్టాను.”