చేత్తో కుట్టిన కాజాలు

(దర్జీ కొట్టు. మధ్యాహ్నం. దర్జీ మిషను మీద ఉన్నాడు. అతనితో విడిపోబోతున్న భార్య గుమ్మంలోనే నిలబడింది.)

“ముందా మిషను ఆపు.”

“కాళ్ళు మిషనుకి, చెవులు నీకు. చెప్పు.”

“మందుల షాపావిడకి తెల్లకోటు కుట్టింది నువ్వేనా?”

“ఊళ్ళో సగం మందికి నేనే కుడతాను. అయినా ఈ ‘నువ్వు’ ఏంటి కొత్తగా?”

“ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే ‘అండీ’ వదిలేశాను. మాట దాటెయ్యకు. ఆ కాజాలు చేత్తో కుట్టినవి.”

“ఏ కాజాలు?”

“ఏ కాజాలా! తలనొప్పి మాత్ర కోసం వెళ్తే, అసలు తలనొప్పి కౌంటరు వెనకాలే నిలబడి ఉంది. కోటుకి పైనుంచి కిందిదాకా గుండీలు. ఒక్కో కాజా చేతికుట్టే. చివర నువ్వు వేసే అడ్డకుట్టుతో సహా.”

“కాజా మిషను పాడైంది.”

“మరి ఈ వేలాడుతున్న చొక్కాలకి?”

“అవి... అంతకుముందు కుట్టినవి.”

“సుద్దగీతలైనా చెరగలేదు! ఎవరికి చెప్తావ్ ఈ కబుర్లు?”

“కస్టమరమ్మా ఆవిడ. వస్తుంది, నాలుగు మాటలు మాట్లాడుతుంది, పోతుంది.”

“ఎక్కడ కూర్చుంటుంది?”

“స్టూలు మీద.”

“నా స్టూలు మీదా?”

“కొట్లో ఉన్నది ఒక్కటే స్టూలు.”

“కస్టమర్లందరికీ మిషను కాజాలే. పెళ్ళైన కొత్తలో నా చలికోటుకి చేత్తో కుట్టావు. ‘ఇంకెవరికీ ఇంత ఓపిక పట్టను’ అన్నావు. ఆవిడకి ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎన్నాళ్ళుగా ఇది?”

“వానలు మొదలైనప్పటి నుంచి.”

“నవ్వితే సొట్ట పడుతుంది కదూ?”

“చూడలేదు.”

“మాత్ర కొనుక్కుని వచ్చేలోపు నేను చూశాను. నువ్వు చూడలేదు?”

“ఎడమ బుగ్గ మీద.”

“ఛీ! నా ఒళ్ళు మండిపోతోంది. మా అన్నయ్య ముందు ఏం రాసుకున్నామో గుర్తుందా?”

“విడాకులు చేతికొచ్చేదాకా ఇద్దరం ఇంకొకరి జోలికి పోకూడదు.”

“పోతే?”

“నేను పోతే నష్టపరిహారం కింద కొట్టు నీది. నువ్వు పోతే ఇల్లు నాది.”

“అదే అడగడానికి వచ్చాను. రేపే నోటీసు ఇప్పిస్తాను, కోర్టుకైనా ఎక్కుతాను. కొట్టు పోతుంది, మీ నాన్న మిషనుతో సహా. ఆలోచించుకో.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి ఊఁ! లేదంటే ఇప్పుడే నా ఎదురుగా చెప్పు, ఇక ఆవిడ ముఖం చూడనని. ఈ ఒప్పందం మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు. అదేంటి, మిషను ఎందుకు ఆపావు?”

“ఇదిగో.”

“ఏంటిది?”

“కొట్టు తాళంచెవి. నోటీసు దాకా ఎందుకు? ఈ చొక్కాలు సాయంత్రానికి ఇస్తానన్నాను. ఇచ్చేసి వెళ్ళిపోతాను.”

“ఆలోచించే ఇస్తున్నావా?”

“ఆ తెల్లకోటు గుడ్డ కత్తిరించే ముందే ఆలోచించాను.”

“నాకు ఆపరేషనైన రోజు కూడా ఈ కొట్టుని ఒక్క పూట మూయలేదు.”

“మూయలేదు.”

“నాకెందుకీ తాళంచెవి! మీరు దీన్ని ఎవరికోసమూ వదలరనే కదండీ... అందుకే కదండీ, ఒప్పందంలో కొట్టు రాయించాను!”