మనది వదిలేశారు

హలో… ఆ, నేనేరా చిన్నోడా, అక్కనే. ఇంకెవరెత్తుతారు? మీ బావ ఫోను ముట్టుకుంటాడా ఏమన్నా…

ఆ, వెళ్ళొచ్చాను. ఇప్పుడే వచ్చి చెప్పులు విప్పాను…

చెప్తాను… చెప్తానురా, గుక్కెడు మంచినీళ్ళు తాగనీ…

కాదన్నాడు.

ఆ… కాదనే అన్నాడు. ప్లానింగు ఆఫీసులో పెద్దాయనే. ఆ ఆఫీసులో ఆయన పైన ఇంకెవరూ లేరట.

లేదు, కసురుకోలేదు పాపం. కూర్చోమన్నాడు, ఫ్యాను కూడా వేశాడు. గోడ మీద మ్యాపు చూపించాడు. కొత్త విమానాశ్రయం చుట్టూ ఎర్ర గీత గీసి ఉంది. ఆ గీత మన పొలాన్నంతా లోపలేసుకుని అవతల వాగు దాకా పోయింది. గీత లోపల కొత్తగా ఇల్లు కట్టకూడదట. ఎవరూ.

రెండు గదులేనండీ అని… అన్నానురా, అనకుండా ఉంటానా! మా తమ్ముడు బస్సు డ్రైవరు, నడుము పోయి ఉద్యోగం మానేశాడు, అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేస్తున్నాడు, మా నాన్న పొలంలో వాడి సగంలో వాడు కట్టుకుంటాడు… అన్నీ చెప్పాను. ఒక్క గది కూడా కుదరదమ్మా అన్నాడు.

ఎందుకంటే… అక్కడ మనుషులుండకూడదట. చప్పుడెక్కువట, ఆరోగ్యాలు పాడవుతాయట.

అదే నేనూ అడిగాను! మరి మేముంటున్నాం కదండీ అని. మీరు ముందునుంచీ ఉన్నారు కాబట్టి ఉండొచ్చు అన్నాడు…

నవ్వకురా. నాకక్కడ నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

ఆగు, విమానమొకటొస్తోంది… ఉండు…

…

ఆ, పోయింది. ఏంటన్నావు?

రేకుల షెడ్డా? అదీ అడిగాను. గొడ్లకైతే అర్జీ పెట్టుకుని వేసుకోవచ్చట. అందులో మనిషి పడుకున్నాడని తెలిస్తే పీకేస్తారట… మా ఇంటి పడమటి గోడ వానకి కూలింది కదా. అది కూడా కూలినంత వరకే కట్టుకోవాలట. జానెడు పెరిగితే వచ్చి కొట్టేస్తారట.

అమ్మేయడమా? ఎవడు కొంటాడురా! ఇల్లు కట్టుకోలేని చోటు… పంట కోసం కొందామన్నా, కుంట పూడ్పించేశారాయె.

నీకు చెప్పలేదూ? నీళ్ళుంటే పక్షులొస్తాయట, పక్షులొస్తే విమానాలకి ప్రమాదమట. లారీలతో మట్టి తెచ్చి పోశారు. మీ బావ గట్టు మీద నిలబడి చివరిదాకా చూశాడు. అప్పట్నుంచి ఆ వైపుకి పోవడమే మానేశాడు.

రోడ్డుకి అవతల వాళ్ళా?… వాళ్ళ పొలాలు విమానాశ్రయానికి తీసేసుకున్నారు కదా. చేతిలో ఇంత పెట్టారు, వెళ్ళిపోయి ఎక్కడో ఒకచోట ఇల్లు వేసుకున్నారు. మనది వదిలేశారు. వదిలేశారని ఆ రోజు ఎంత సంబరపడ్డాం… నువ్వు ఫోన్లోనే ఎగిరి గంతేశావు.

ఏంటీ?…

మళ్ళీ అను.

ఒరే, మీ బావెందుకు అడ్డుపడతాడురా? పొలం నా పేరు మీదుందంటే, నాన్న పోయేటప్పుడు నువ్వు ఊళ్ళో లేవు కాబట్టి. సగం మా బావమరిదిదని నలుగురిలో అన్నది ఆయన కాదూ?… రాసిచ్చేస్తాను. ఇవాళే రాసిచ్చేద్దునురా. పంపకం కూడా చెయ్యనివ్వరట. గీత లోపల ముక్కలు చెయ్యకూడదట…

నేను కల్పించానా? వచ్చి ఆయన్నే అడుగు!

ఎవరన్నారు నీతో ఇలా?… మీ ఆవిడా? అమ్మాయి అలా అనుకుంటోందా…

సరే. అనుకోనీ.

లాయరు దగ్గరికీ పోయొచ్చానురా. ఈ చుట్టుపక్కల వాళ్ళంతా ఆయన గుమ్మం తొక్కినవాళ్ళేనట. ఎవరికీ పని కాలేదు, మీరూ తిరగకండి అన్నాడు…

అదేంటి, హారనా?… నువ్వెక్కడున్నావసలు?

ఏ రోడ్డు మీద?

ఎవరి వ్యాను?… సామానంతానా?… తాళాలిచ్చేశావా! ఒరే, నేను వెళ్ళొచ్చి చెప్తానన్నాను కదరా! ఒక్క పూట ఆగలేకపోయావా…

నేనా?… అవును. అన్నాను. రెండు గదులకి ఎవరు కాదంటారు, నువ్వు బయల్దేరడమే ఆలస్యం అన్నాను. నేనేమన్నా కలగన్నానా ఇలా అంటారని…

బుజ్జిది ఏం చేస్తోంది?… మెలకువగానే ఉందా. ఏమడుగుతోంది?… మన ఇల్లు ఏ రంగు వేస్తారనా…

…

విను. నా మాట విను. మా ఇంటికొచ్చెయ్యండి. ముందు గదిలో నా కుట్టుమిషను జరిపేస్తాను, మీరు ముగ్గురూ సర్దుకోవచ్చు. మేం వరండాలో పడుకుంటాం… ఎన్నాళ్ళంటే ఎన్నాళ్ళైనా.

భిక్ష ఏంటిరా? అక్కింటికి రావడం భిక్షా?… చూరు పట్టుకుని వేలాడుతున్నావని ఎవరన్నారు నిన్ను?… అమ్మాయికివ్వు ఫోను. ఇవ్వు, నేను మాట్లాడతాను…

ఎందుకు మాట్లాడదు?

వద్దు, వ్యాను ఆపించొద్దు… వెనక్కి తిప్పడమేంటి? ఎక్కడికి తిప్పిస్తావు? తాళాలిచ్చేశానంటివి కదా!… ఒరే, ఆ నడుముతో, ఆ పిల్లనేసుకుని… చిన్నోడా… నన్ను తిట్టు, పడతాను, కానీ… హలో?

హలో…

…

ఏమండీ, పెట్టేశాడు.

ఇల్లు ఖాళీ చేసేశారు. సామానుతో సహా రోడ్డు మీదున్నారు… తెలీదు. ఎక్కడికని చెప్పలేదు…

చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు.

మీరు… ఆ మిషను మూలకి జరపండి.

జరపండి. వాడు రాడు, నాకు తెలుసు. అయినా జరపండి.