గేర్ల సైకిల్ కొనేముందు

చిలకలపూడిలో సైకిల్ షాపు. చేపలమ్ముకునే ఒకావిడ చంకలో పాపతో వచ్చి, తను కొనబోతున్న పాత గేర్ల సైకిల్‌ను మెకానిక్‌కు చూపిస్తోంది.

"గేర్లు బాగానే పడుతున్నాయమ్మా. చక్రాల్లో వంకర లేదు. సీటు రాడ్డు పీకి చూశావా?"

"అదెందుకన్నయ్యా? గుడివాడలో కాలేజీ కుర్రాడు తొక్కిందంట. రంగు చూడు, ఎంత కొత్తగా ఉందో."

"ఆ రంగు మీదే నా అనుమానం. ఇదిగో, పీకాను. ఈ గొట్టంలో వాసన చూడు."

"ఏ వాసనా లేదే."

"చేపల వాసనమ్మా. అలవాటైపోయి నీకు తెలియట్లేదు. దీని మీద ఎవరో చేపలు మోశారు. ఉప్పునీళ్లు కారి లోపలంతా తుప్పు పట్టింది. వెనక అతుకు దగ్గర గోరుతో గీకు."

"రంగు ఊడొస్తోంది. కింద చిల్లు ఉందన్నయ్యా."

"వద్దులే, తిరిగిచ్చెయ్."

"బస్సులో బుట్ట ఎక్కనివ్వట్లేదు. రెండ్రోజులుగా సరుకంతా కుళ్లిపోతోంది. ఆయన చూస్తే జ్వరంతో మంచమెక్కాడు. ఈ రేటుకి ఇంకో సైకిల్ ఎవరిస్తారు?"

"దారిలో విరిగితే? పాపని ముందు కూర్చోబెట్టుకుంటావుగా."

"పాపని మా అత్త దగ్గర వదిలేస్తాను."

"మరి నువ్వు పడితే?"

"నేను లేస్తాలే. క్యారియర్ గట్టిగా బిగించన్నయ్యా, బుట్ట కదలకుండా."