ఔసేపు ఫోన్లో నా బొటనవేలు

లాంచీ తిరిగే మలుపు కాలవలోకి దిగే మా ఇంటి మెట్ల మీంచి బాగా కనబడుతుంది. అందుకే ఆ శనివారం పొద్దున్నే బాతుకూర దించి, గిన్నె తెచ్చుకుని మెట్ల మీదే కూర్చున్నాను. పక్కింటి సరసమ్మా, కల్లు గీసే కుంజుట్టనూ వచ్చి చేరారు.

"ఆగుతుందంటావా ఏలమ్మ చేచీ?" అన్నాడు కుంజుట్టన్. మా ఊళ్లో అక్కంటే చేచీ, అన్నంటే చేట్టన్.

"ఆగకపోతే నా చెవులు కోసి కాలవలో చేపలకెయ్యి. ఏటా కోతలయ్యాక మా ఆయన కాలేజీవాళ్లు లాంచీ మాట్లాడుకుని, ఎవరి మెట్ల దగ్గర వాళ్లని ఎక్కించుకుని, రోజంతా నీళ్ల మీద తిరుగుతారా లేదా? ఎక్కేవాడు ఇంటికూర తేవాలా వద్దా? ఈ మెట్ల దగ్గర ఎక్కేది బాతుకూర. మనిషి పోతే కూర కూడా పోతుందా? ఆయన కాలేజీవాళ్లంతా ఇప్పుడు నా మనుషులు."

"నీ మనుషులెలా అయ్యారు? నువ్వు కాలేజీ గేటైనా చూళ్లేదుగా?"

"గేటెందుకురా, ఫోనుండగా! విను. మొన్న వానాకాలంలో ఆయన పోయాక వారం తిరక్కముందే, వరదనీళ్లింకా గుమ్మంలో ఉండగానే, ఆయన ఫోను ట్రింగుమంది. చూస్తే కాలేజీవాళ్ల గ్రూపు. ఎవరో గులాబీపువ్వు పెట్టి శుభోదయం అన్నారు. నాకు చదవడమంటే కూడబలుక్కోవడమే, రాయడం అసలే రాదు. బొటనవేలు బొమ్మొకటి కనబడితే నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతల్నించి బొటనవేళ్లు వానలా కురిశాయి!"

"నిజంగానే చేచీ, ఆ గ్రూపులో..." అని సరసు ఏదో అనబోయింది.

"నువ్వుండవే, కూర మీద మూత సరిగ్గా పెట్టు, కాకులు చూస్తున్నాయి. కోరా, దివాకరన్ అని ఇద్దరున్నారు. హాస్టల్లో చేపతలకాయ నాదంటే నాదని కొట్టుకుని, ముసలాళ్లయ్యేదాకా మాటల్లేవు. ఓరోజు గ్రూపులో మళ్లీ మొదలెట్టారు. నేను కోరాకొక బొటనవేలు పెట్టాను. దివాకరన్‌కీ పెట్టాను. ఇద్దరూ గెలిచామనుకున్నారు. ఇప్పుడు ఒకే గొడుగు కింద నడుస్తున్నారు, వాన లేకపోయినా!"

దూరంగా కూత వినబడింది. కుంజుట్టన్ లేచి నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూశాడు. "ఇంకా పైకాలవలోనే ఉంది," అని కూర్చున్నాడు. గిన్నె అంచుకంటిన పులుసు వేలితో తీసి చీరకి తుడుచుకున్నాను.

"అదేం గొప్ప? కువైట్‌లో ముస్తఫా అని ఉన్నాడు. గుండె ఆగిపోయింది. డాక్టర్లు మొహం మీద దుప్పటి కప్పేశారు. అప్పుడే నేను దణ్ణం పెట్టే చేతుల బొమ్మ పంపాను. నర్సు ఆ ఫోను తీసి దుప్పటి మీద పెట్టిందో లేదో, లేచి కూర్చుని కరిమీను చేప వేపుడుందా అనడిగాడు!"

"దుప్పటి మీద నుంచే చదివాడా?" అన్నాడు కుంజుట్టన్.

"చదివేదేముందిరా, బొమ్మ! మరి ఓడ కెప్టెను సంగతో? నడిసముద్రంలో తుఫాను, దిక్కు తెలీట్లేదని గ్రూపులో పెట్టాడు. నేను దీపం బొమ్మ పంపాను. సముద్రమంతా వెలుగే వెలుగు! తెల్లారిందనుకుని చేపలన్నీ పైకొచ్చాయి. ఆ వెలుగులో ఓడ ఎంత జోరుగా పరిగెత్తిందంటే, చేరాల్సినరోజుకి ముందురోజే రేవులో ఉంది. మీరు రేపు కదా రావాలి అని రేవువాళ్లు లోపలికి రానివ్వలేదట!"

కుంజుట్టన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. సరసు నవ్వలేదు. రెండో కూత ఈసారి దగ్గర్లోనే వినబడింది. నీళ్లు కింది మెట్టుని తడిమి వెనక్కెళ్లాయి.

"ఇంత చేసినదాన్ని వదిలేసి పోతారా? నాకోసమే వస్తున్నారు. లాంచీలో ముందుసీటు నాదే. కావాలంటే డ్రైవర్ని లేపి..."

"చేచీ," అంది సరసు. "ఆ బొటనవేళ్ల పక్కన వాళ్ల ఫోన్లలో ఎవరి పేరు కనబడుతుంది?"

నేను మలుపు వైపు చూశాను.

"వరదలో మనం నలుగురమే కదా ఔసేపు చేట్టన్ని పడవలో తీసుకెళ్లి పూడ్చింది. బయటివాళ్లెవరూ రాలేకపోయారు. ఆయన పోయినట్టు ఆ గ్రూపులో ఒక్కరికైనా చెప్పావా?"

కుంజుట్టన్ నవ్వు ఆగిపోయింది. నోరు తెరిచాను గానీ ఓడా రాలేదు, చేపలూ రాలేదు.

"పోనీ నేను చెప్పనా?" అంది సరసు, మెల్లిగా.

"నువ్వెందుకే, పోయింది నా మొగుడు," అన్నాను.

లాంచీ మలుపు తిరిగింది. కప్పు నిండా రంగుకాగితాలు, లోపల పాటలు. ముందు నిలబడ్డ బట్టతలాయన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఒరే ఔసేపూ! రోజూ బొటనవేళ్లేనా, ఒక్క మాట రాయలేవా? దిగిరారా, నీ సంగతి తేలుస్తాం!"

లోపలున్నవాళ్లంతా ఒక్కసారే అందుకున్నారు. "ఔసేపూ! ఔసేపూ!"

కుంజుట్టన్ తాడందుకున్నాడు. లాంచీ మా మెట్లకి ఆనుకుని ఆగింది. నా చెవులు నాకు దక్కాయి.

"ఏలమ్మా, వాడేడీ?" బట్టతలాయన నా వెనకాల ఇంటి గుమ్మంలోకి చూస్తూ అడిగాడు.

కూరగిన్నె ఎత్తుకుని చివరి మెట్టు దిగాను. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి.

"ముందిది అందుకోండి," అన్నాను. "పాటలాపండి. ఆయన గురించి చెప్పాలి."