గవరయ్య తెచ్చిన పూజగంట

ఊరి చివర పాడుబడిన నుయ్యి ఉంది చూశారూ, గట్టంతా జిల్లేడు మొలిచి, పక్కనుంచి వెళ్లేవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే నుయ్యి, దాని కథే ఇది, దగ్గరికి జరగండి, భోజనాలు అయినవాళ్లు మాత్రం కాస్త నిబ్బరం చేసుకోండి.

గంటంటే ఏం తెలుసు మీకు? గుళ్లో మోగితే హారతి, బళ్లో మోగితే ఇంటికి పరుగు, వీధిలో మోగితే పీచుమిఠాయి, శవం ముందు దాసరి మోగిస్తే అందరం లేచి నిలబడతాం. పశువు మెడకి కట్టేది వేరు, అది ఎక్కడ మేస్తోందో మనకి తెలియడానికి. ఆ పశువు పోతే గంటని దాంతోపాటే పూడ్చిపెట్టాలి, విప్పి ఇంట్లోకి తేకూడదు, అది మన పెద్దల కట్టడి.

గవరయ్యని మీరెరగరు, మీ తాతగారి మేనత్త వరహాలమ్మకి మొగుడు. వరహాలమ్మ దేవుడికి నైవేద్యం పెట్టి గంట వాయించందే మంచినీళ్లు ముట్టేది కాదు. ఆవిడ పూజగంట బీటవారి బొంగురుపోతే, కొత్తది తెమ్మని అడుగుతూనే ఉంది, ఆయన రేపూ మాపూ అంటూనే ఉన్నాడు, ఇంతలో వాళ్ల వట్టిపోయిన గేదె ఆ నూతిలో పడింది. పాలివ్వనిదానికి కుడితి ఎందుకని మానేసింది ఈయనే, అది దాహానికి నూతిలోకి వంగింది, పాపం. పడిన చప్పుడు విని కూడా, పైకి తీయాలంటే నలుగురికి కల్లు పోయించాలని ఊరుకున్నాడట. కంపు ఊరంతా లేచాక అందరూ కలిసి మోకులు వేసి లాగారు, పొట్ట ఉబ్బి, పురుగులు రాలుతూ వచ్చింది. అప్పుడీ మహానుభావుడేం చేశాడు? పూడ్చడానికి నేనున్నాను పొండని అందర్నీ పంపేసి, దాని మెడలోంచి గంట లాగాడు, తోలు కూడా దాంతో ఊడొచ్చింది, చీ, చింతపండుతో తోమి, పిడి వేయించి, తీర్థంలో, అదే తిరునాళ్లలో, కొన్నానని పెళ్లాం చేతిలో పెట్టాడు.

పిచ్చితల్లి కళ్లకద్దుకుంది. మర్నాడు పరమాన్నం వండి గంట వాయించిందో లేదో కుళ్లు కంపు గుప్పుమంది, గిన్నెలో చూస్తే పచ్చటి నాచు, నాచులో నల్లటి వెంట్రుకలు. తన మడిలోనే ఏదో దోషం ఉందనుకుని ఇల్లంతా పేడతో అలికింది, తడిబట్టతో వండింది, ఎన్నిసార్లు వండినా అంతే. దేవుడు నా చేతి ముద్ద వద్దంటున్నాడని కుమిలిపోయి తనూ తినడం మానేసింది, ఎముకల గూడైపోయింది.

ఒక సాయంత్రం దీపం పెట్టి గంట వాయించేసరికి నూతివైపునుంచి గేదె అరుపు వినిపించింది, ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే ఏముంది, అరుగుమీద కూర్చున్న గవరయ్య నోట్లో ఏమీ లేకుండానే నెమరేస్తున్నాడు, మూతినుంచి ఆకుపచ్చటి చొంగ జారుతోంది. ఈవిడ గంట ఆపితే ఆయన దవడా ఆగింది.

ఏమయ్యా, ఈ గంట ఎక్కడిది, అని అడిగింది. చొంగ తుడుచుకుని, గేదెదైతే ఏమిటే, ఇత్తడి ఇత్తడే, తోమాను కదా, అన్నాడట.

ఆ నాచు కంటే ఆ మాటే ఆవిడకి ఎక్కువ రోత అనిపించింది. గంట ఆయన ఒళ్లో పడేసింది. నూతిలో పడేసి, ఆ నోరులేనిదానికి ఒక దండం పెట్టి రా, అంది. ఆయన పడేశాడు, దండం మాత్రం పెట్టలేదు. అందుకే బతికినన్నాళ్లూ దీపాల వేళకి అక్కడ గంట మోగేది, ఇక్కడ ఈయన దవడ ఆడేది, ఆవిడ ఆయన విస్తరి తీసుకెళ్లి పశువులశాలలో పెట్టి, మొహం తిప్పుకుని వచ్చేసేది. దేవుడికి మళ్లీ గంట తేలేదు, మెల్లగా చప్పట్లు కొట్టి, లే నాయనా, వేడిగా ఉంది, తిను, అనేది. పరమాన్నం తెల్లగానే ఉండేది, ఆవిడా కళ్లకద్దుకుని తినేది.

నూతిలో ఇప్పటికీ మోగుతుందంటారు, మోగితే మోగనివ్వండి. తొంగి చూశారో, దెయ్యం సంగతి తర్వాత, తిన్నదంతా ఆ గట్టుమీదే కక్కుకుంటారు.