గాటు పడ్డ అర్ధరూపాయి

తుఫాను వెలిసిన పదో రోజున, ముత్తుకూరులో కంసాలి కొట్టు దగ్గర విన్న మాటలివి. వచ్చిన ముసలామె ఒక పాత అర్ధరూపాయి తెచ్చింది.

“ఈ నలుపేంది ఆచారీ?”

“ఉప్పునీళ్ళ మరక అవ్వా. చింతపండేసి తోమితే పోతాది.”

“అంచున ఈ గాటో? టంకశాలలోనే అట్ట పడుంటాదా?”

“కొన్నిటికి పడతాది. అచ్చు కొట్టకముందే బిళ్ళ తెగుంటే, గాటు దగ్గర అక్షరాలు పలచబడతాయి. ఇక్కడ నిండు అక్షరం మధ్యకి తెగింది. ఇది ఉలి దెబ్బ.”

“అద్దం పెట్టి ఇంకోసారి చూడయ్యా.”

“ఎన్నిసార్లు చూసినా అంతే. టంకశాల తప్పయితే ఎక్కువ ధర పలుకుతాదని ఆశపడినావా?”

“ధర నాకెందుకు? పడవ కట్టేటప్పుడు అడుగుచెక్క సందులో బిళ్ళ పెడతాం గదా. నిన్న రేవులోకి ఒక చెక్క కొట్టుకొచ్చింది. ఇది దాంట్లో ఉండింది.”

“ఎవరి పడవది?”

“మా కొడుకు చెంగయ్య పడవ కట్టిన పొద్దు, ఆనవాలుకని బిళ్ళ మీద నేనే ఉలితో గాటు పెట్టినా.”

“తెలిసే అడిగినావా అవ్వా?”

“టంకశాల గాటని నువ్వంటే, ఇది వేరేవాళ్ళ పడవదని, వేటకి పోయిన వాడు ఇంకా తిరిగొస్తాడని కోడలికి చెప్దామనుకున్నా.”

“అట్నే చెప్పు. ఆచారి అన్నాడని చెప్పు.”

“ముందే ఆ మాటనుంటే, నేను గూడా నమ్మేదాన్నయ్యా.”