నెరెయిదాకి ఏడుపు రాలేదు

పోన్సే ఊళ్లో శవాన్ని చూపుకు ఉంచే హాలు. పెట్టెలో ఎఫ్రాయిన్. ముందు బెంచీ మీద అతని భార్య నెరెయిదా, ఆమె చెల్లెలు మిగ్దాలియా. పొద్దుటినుంచీ నెరెయిదా కళ్లు తడవలేదన్న సంగతి హాలంతా పాకిపోయింది, పాకకుండా ఉంటుందా మరి!

“నాలుగు అరుపులు అరవవే అక్కా. అరిచి విరుచుకు పడిపో. నేను పట్టుకుంటాగా.”

“రావట్లేదే.”

“రావట్లేదంటే ఎలాగే? మొగుడు పోతే అతాకే వచ్చి, ఒళ్లు తెలీకుండా అరిచి పడిపోని పెళ్లాన్ని మన ఇళ్లల్లో ఎక్కడైనా చూశామా? నాన్న పోయినప్పుడు అమ్మని పెట్టె మీంచి నలుగురు లాగాల్సొచ్చింది.”

“ఆవిడకి తెలివి రావడానికి నుదుటికి స్పిరిట్ రాసింది నేనే.”

“అదే మరి. అందరికీ రాసేది నువ్వే. ఇవాళ సీసా నా దగ్గరుంది. పడు.”

“మొద్దుబారిపోయిందే మిగ్దా. గిల్లి చూసుకున్నా. నొప్పి కూడా లేదు.”

“మీ అత్త ఏమంటోందో విన్నావా?”

“విన్నా.”

“‘కన్నీటి చుక్క రాల్చనిదానికి రేపు పోయాక నా కొడుకు సమాధిలో చోటా? ఇవ్వనుగాక ఇవ్వను’ అంటోంది. అందరి ముందూ!”

“విన్నానన్నాగా. ఆయన పక్కన కాకపోతే నేనింకెక్కడికి పోతానే?”

“మరి ఏడవ్వేం!”

“ఏడవాలనే ఉంది. లోపల ఎవరూ లేనట్టుంది. పోనీ... నువ్వు పడవా, నా బదులు?”

“నేనా?”

“ఆ హడావిడిలో నా మొహం ఎవరూ చూడరు. పెద్దమ్మ పోయినప్పుడు నువ్వు పడింది నాటకమేగా. నేను కప్పిపెట్టలా?”

“ఛీ, అదిప్పుడెందుకు... వద్దక్కా. నావల్ల కాదు.”

“నాకోసమే అడుగుతున్నా.”

“వద్దన్నానా... సరే. సరే. ఇదిగో సీసా. తల నేలకి కొట్టుకోకుండా చూడు... బావా! మా అక్కనొదిలి పోయావా బావా!”

“అయ్యో, పట్టుకోండి! పడిపోతోంది! కాస్త గాలి రానివ్వండమ్మా... ఆఁ, బాగుందే మిగ్దా. అందరూ నిన్నే చూస్తున్నారు.”

“బావా!”

“చాల్లే ఇంక. చేతులేంటే, ఇంత చల్లబడ్డాయి?”

“పిచ్చుకా! నా పిచ్చుకా, లే!”

“...ఏమన్నావ్?”

“ఒక్కసారి లేరా! నా పిచ్చుకా!”

“మిగ్దా. ఆయనకి ఆ పేరు నేను పెట్టుకున్నాను. మా పడగ్గది దాటి ఎప్పుడూ రాలేదది.”

“అక్కా... అక్కా, నేను...”

“లేవకు. అత్త ఇటే వస్తోంది.”

“అక్కా, నన్ను చంపెయ్యి.”

“నుదురు ఇలా పెట్టు, స్పిరిట్ రాస్తాను. నాకు రాలేదు, నీకొచ్చింది. ఇద్దరి వంతూ నువ్వే ఏడువు.”